పాటకు పట్టా లేదు

జనవరి 5, సోమవారం

ప్రతిజ్ఞ! (ముందు 'వ్రతం' అని రాసి కొట్టేశాను. అది మూఢనమ్మకాల మాట.)

ఈరోజు నుంచి సెమిస్టర్ ముగిసేదాకా, అంటే మేడారం జాతర దాటేదాకా:

ఒకటి: సంగీత వ్యాపారం చదువుతాను, చేయను. శత్రువు కోటలోకి వెళ్లేది గోడల ఎత్తు చూసి రావడానికే.

రెండు: ఏ పాట మీదా హక్కు రాయించను. ఎవరి చేతా సంతకం పెట్టించను.

మూడు: కోపం తెచ్చుకోను.

నాలుగు: బాపు దుకాణంలో కాంటా ఎక్కను.

నాలుగోది వివరించాలి. మాది వరంగల్‌లో బెల్లం దుకాణం. జాతర దగ్గరపడిందంటే బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కున్నవాళ్లు పెద్ద కాంటాలో ఒక వైపు కూర్చుంటారు, రెండో వైపు మనిషి బరువుకు సరిపడా దిమ్మలు పేరుస్తాం. నిలువెత్తు బంగారం. అది మేడారం పోయి సమ్మక్క సారలమ్మలకు పెడతారు. ఎనిమిదో తరగతిలో నాకు పసిరికలు, అంటే పచ్చకామెర్లు, అయినప్పుడు నా ఎత్తు బంగారం ఇస్తానని అమ్మ మొక్కింది. అప్పటినుంచి రెండేళ్లకోసారి కాంటా నాకోసం ఎదురుచూస్తుంది, నేను ఎగ్గొడతాను. మందిచ్చింది దవాఖాన డాక్టరు. బెల్లం ఆయనకివ్వాలి.

మ్యూజిక్ బిజినెస్‌లో పీజీ చేరినప్పుడు బాపు అన్న మాట: "మ్యూజిక్‌ల బిజినెస్ ఏముంటదిరా? పాడుతరు, ఇంటరు, పోతరు."

నాకు ఒళ్లు పులకరించింది. వెంకట్రాజం అనే ఒక బెల్లం వ్యాపారి తనకు తెలియకుండానే నా కరపత్రం సారాంశం చెప్పేశాడు! కరపత్రం పేరు 'పాటకు పట్టా లేదు'. ఎనిమిది పేజీలు. మొదటి వాక్యం: 'గాలికి పట్టా లేదు, వానకు పట్టా లేదు, పాటకు పట్టా లేదు.' ఇంతవరకు నేను చదివిన కరపత్రాలన్నిటిలో ఇంత మంచి మొదటి వాక్యం లేదు. నిష్పక్షపాతంగా చెబుతున్నాను.

జనవరి 7, బుధవారం

క్లాసు. పద్మలత మేడం ప్రాజెక్టు ఇచ్చారు. ఒక్కొక్కరు ఒక పాట వెతకాలి, రికార్డు చేయాలి, అన్ని యాప్‌లలో విడుదల చేయాలి, హక్కుల కాగితాలు పూర్తిచేయాలి, ఏం జరిగిందో రిపోర్టు రాయాలి.

లేచాను. "మేడం, పాట ప్రజలది."

"మంచిది. ఏ ప్రజలు? పేరు, ఫోన్ నంబరు రాయి."

క్లాసంతా నవ్వింది. కోపం రాలేదు. భూస్వామ్యం నుంచి కంపెనీల దాకా పాట ఎలా దోపిడీకి గురైందో కొంచెం మాట్లాడానంతే. పక్క బెంచీలో హారిక వాచీ చూసుకుంది. ఎనుమాముల నుంచి వస్తుంది, క్లాసులో ఫస్టు.

"అన్నా, నీ విప్లవం అయ్యేసరికి నా బస్సు పోతాంది."

అన్నా?! నాకంటే రెండు నెలలు పెద్దది.

కోపం రాలేదు. మళ్లీ రాస్తున్నాను, రాలేదు.

జనవరి 9, శుక్రవారం

దొరికింది!!

మధ్యాహ్నం దుకాణానికి మల్లక్క వచ్చింది. ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. జాతర బంగారం ప్రతిసారీ మా దగ్గరే కొంటుంది. దిమ్మ తీసి గోటితో గీకుతుంది, వాసన చూస్తుంది, పక్కన పెడుతుంది. చేతులు ఆ పని చేస్తుంటే నోరు పాడుతూ ఉంటుంది. అదే పాట.

ఎదురుకోళ్లు ఎగిరె తల్లీ, ఎడ్లబండ్లు కదిలె తల్లీ,
రాని అక్క పాలు బంగారం నా నెత్తిమీద ఉన్నదె తల్లీ...

(ఎదురుకోళ్లంటే తల్లికి ఎదురుగా గాల్లోకి ఎగరేసే కోళ్లు. పాలంటే వాటా.) ఆ తర్వాత ఒక పేరు వస్తుంది. ఆ ఏడు జాతరకు రాలేకపోయిన మనిషి పేరు. వాళ్ల జట్టు ఆచారమిది. ఎవరు రాలేదో వాళ్ల పేరు పాటలో కలుపుతారు, ఆ మనిషి వచ్చినట్టే లెక్క. ఈసారి పేరు యాకమ్మ. మల్లక్క సొంత అక్క. భీవండిలో కూతురి దగ్గర ఉంది. కిడ్నీలు పాడై వారంలో మూడుసార్లు మిషన్ మీద పడుకోబెడుతున్నారు. పుట్టినప్పటినుంచి ఒక్క జాతర తప్పలేదట.

"ఫోన్ల చూపెడ్తనని మాటిచ్చిన బిడ్డా. సమ్మక్క గద్దెకొచ్చే యాల్లకు పాటల దాని పేరు అది ఇనాలె. ఇంటే సాలంటది. మల్ల జాతరకు ఉంట్నో లేనో అంటది, పిచ్చిది."

"ఈ పాట ఎవరిది మల్లక్కా?"

"మా అమ్మమ్మ పాడేది."

"ఆమెకు ఎవరు నేర్పారు?"

"ఏమో. తల్లిది బిడ్డా పాట. మనదెట్లయితది?"

చూశారా మేడం! చూశావా హారికా! చదువు లేని ఒక శ్రామిక స్త్రీ నా రెండో పేజీ మొత్తం ఒక్క ముక్కలో చెప్పింది!

తర్వాత అదే నోటితో ఇంకో మాట. హన్మకొండలో స్టూడియో నడిపే శ్యాంసుందర్ కూడా ఆమెను పాడమని అడిగాడట. జానపదాలకు డీజే దరువు తగిలించి ఛానల్లో వదిలే మనిషి. 'పాట ఇయ్యమ్మా, ఒక్క సంతకం పెట్టు' అన్నాడట.

కోపం వచ్చింది. కానీ ఇది వ్యక్తిగత కోపం కాదు, వర్గ కోపం. ప్రతిజ్ఞలో దాని ప్రస్తావన లేదు.

జనవరి 12, సోమవారం

రికార్డింగ్. మా గోదాములోనే. చుట్టూ బెల్లం బస్తాలు ఉంటే శబ్దం ఎంత శుభ్రంగా వస్తుందో ఏ స్టూడియోకీ తెలియదు. ఈగల సంగతి వేరు. మల్లక్క, జట్టు ఆడవాళ్లు, ఒక డప్పు. పేర్ల దగ్గర ఖాళీ వదిలాం, ఎవరి పేరు వాళ్లు పాడుకోవాలని. ఆ ఆలోచన నాది!

తన గొంతు తానే విని మల్లక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఇగో ఇది నేనేనా? కోడిపిల్ల లెక్కున్నదేంది!" చిన్న స్పీకర్ పెట్టెలో వేసిస్తే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. జాతరలో ఆ పెట్టె పెట్టుకుని దానితో కలిసి పాడతారట.

సాయంత్రం బొంబాయి కంపెనీ వెబ్‌సైటులో ఫారం నింపాను. వాళ్లే అన్ని యాప్‌లకూ పాటను చేరవేస్తారు. 'హక్కుదారు' అన్న గడి వచ్చింది. రాశాను:

సమ్మక్క తల్లి.

చరిత్రలో మొదటిసారి!

జనవరి 13, మంగళవారం

బొంబాయి నుంచి ఫోన్. ఎవరో కుర్రాడు, చాలా మర్యాద.

"సర్, సమ్మక్క మేడం కా పాన్ కార్డ్ భేజియే."

ఆమె మేడం కాదని, కాకతీయ రాజుల పన్నులను ఎదిరించిన ఆదివాసీ వీరవనిత అని, ఇప్పుడు కోట్లమందికి తల్లి అని నాకొచ్చిన హిందీలో వివరించాను. చాలాసేపు విన్నాడు.

"సమఝ్ గయా సర్. ఆధార్ భీ చలేగా."

జనవరి 16, శుక్రవారం

ఫారం ఆగిపోయింది. హక్కుదారుకు బ్యాంకు ఖాతా, పాన్ కార్డు ఉండాలట. లేకపోతే పాట విడుదల కాదు. విడుదల కాకపోతే ఎవరు ముందు దరఖాస్తు పెడితే వాళ్లది. క్యాంటీన్‌లో హారికను అడిగాను. అడగలేదు, చర్చించాను.

"మల్లక్క పేరు రాయరాదు?"

"అప్పుడు ఆమె చేత సంతకం పెట్టించాలి. నేను ఎవరి చేతా సంతకం పెట్టించనని ప్రతిజ్ఞ చేశాను."

"అయితే?"

"అయితే... నా సంతకం నేను పెట్టుకుంటే ఎవరిచేతా పెట్టించినట్టు కాదు కదా."

హారిక చాయ్ గ్లాసు కింద పెట్టింది. "నువ్వు ఇది నిజంగనే అంటున్నవా, నాతోని మజాక్ చేస్తున్నవా?"

ఆమెకు తర్కం అర్థం కాదు. పేరు నాది, పాట ప్రజలది. నేను ధర్మకర్తను. తాత్కాలికం. కోటలో దూరినవాడు సైనికుడి టోపీ పెట్టుకోడా?

రాశాను. చివర్లో ఒక ప్రశ్న. 'ఇతరులు ఈ పాటను వాడితే ఏం చేయాలి?' మూడు మీటలు. వాడుకోనివ్వండి. ఆదాయం నాకు మళ్లించండి. ఆపండి.

మొదటి మీట మీద వేలు పెట్టాను. సరిగ్గా అప్పుడే శ్యాంసుందర్ మొహం గుర్తొచ్చింది. బంగారు గొలుసు, నల్ల కళ్లద్దాలు, 'ఒక్క సంతకం పెట్టమ్మా'.

మూడోది నొక్కాను.

ఆ క్షణంలో కలిగిన ఆనందం గురించి ఏ కరపత్రంలోనూ రాయలేదు. ఎందుకో.

జనవరి 20, మంగళవారం

ఘోరం. ద్రోహం.

హారిక క్లాసులో ప్రెజెంటేషన్ ఇచ్చింది. మొదటి స్లైడు మీద పెద్దక్షరాలు: పాటకు పట్టా లేదు.

లేచాను. "అది నా వాక్యం!"

"ఔ, నీ కరపత్రంలదే. మంచిగుందని పెట్టిన."

"నా పేరు ఎక్కడ? నన్ను అడిగావా?"

హారిక స్లైడు మీది అక్షరాలు చూపించింది. "పాటకు పట్టా లేదు గని, పాటకు పట్టా లేదు అన్నదానికి పట్టా ఉన్నదా?"

మేడం బల్ల మీద తల పెట్టి నవ్వారు. ప్రొఫెసరై ఉండి!

ఇది వేరు. పాట సామూహిక సృష్టి. వాక్యం వ్యక్తి శ్రమ. మూడు రాత్రుల శ్రమ. విసురుగా బయటికి నడిచాను. బ్యాగు లోపలే మరిచిపోయి మళ్లీ లోపలికి వెళ్లాల్సి వచ్చింది. ఆ కొంచెం దూరం చాలా పొడుగ్గా అనిపించింది.

జనవరి 22, గురువారం

విజయం!!!

మన పాట మొన్ననే యాప్‌లన్నిటిలో విడుదలైంది. శ్యాంసుందర్ మన రికార్డింగ్‌నే ఎత్తుకుని దరువు తగిలించి వదిలాడు. గంటలోపే మాయం! ఆ స్థానంలో బూడిదరంగు పెట్టె: 'హక్కుదారు అభ్యర్థన మేరకు తొలగించబడింది'. ఫొటో తీసుకున్నాను. ఫ్రేము కట్టించాలి.

ఇంకా ఆగిపోయినవి: ములుగులో ఒక మంగలి షాపు రీలు. పాలంపేటలో నాట్లు వేస్తూ ఎవరో అమ్మాయిలు తీసుకున్న వీడియో. ఒక పెళ్లి బరాత్. పోరాటంలో కొంత నష్టం తప్పదు.

జనవరి 24, శనివారం

ఒక పల్లెటూరి బడి నుంచి హెడ్మాస్టర్ ఫోన్. రిపబ్లిక్ డేకి పిల్లలు మన పాట మీద డాన్సు నేర్చుకుంటున్నారు, రిహార్సల్ వీడియో పెడితే ఎగిరిపోయింది, దయచేసి అనుమతి ఇవ్వండి సార్.

సార్!

పిల్లలు ప్రజలే కదా. తప్పకుండా ఇస్తాను. కాకపోతే ఒక పద్ధతి ఉండాలి. స్కూలు లెటర్‌హెడ్ మీద దరఖాస్తు రాసి, ముద్ర వేసి, వాట్సాప్ చేయమన్నాను. రేపు సాయంత్రంలోగా పరిశీలిస్తానని చెప్పాను.

ఈ విషయం చెబితే హారిక అన్న మాట: "అరే, నువ్వు ఎమ్మార్వో అయినవ్ గదా."

మేడం మాత్రం క్లాసులో అందరిముందు నన్ను చూపించి, 'హక్కుల అమలు ఎలా ఉండాలో శ్రీకాంత్‌ను చూసి నేర్చుకోండి' అన్నారు. క్లాసు చప్పట్లు కొట్టింది.

మేడంలో కొంత ప్రగతిశీలత ఉంది. ఇన్నాళ్లూ తొందరపడి అంచనా వేశాను.

జనవరి 28, బుధవారం

జాతర మొదలు. మల్లక్క జట్టు వ్యాను మాట్లాడుకుని మేడారం వెళ్లింది. హారికదీ ఎనుమాములే, వాళ్లతోనే పోయింది. యాకమ్మకు లైవ్ చూపించేది హారిక ఫోన్‌లోనే. పోయేముందు వ్యాను దుకాణం ముందు ఆగింది.

"నువ్వు రావా బిడ్డా?"

"రాను మల్లక్కా. నాకు నమ్మకం లేదు."

"నమ్మకం ఎందుకు, ఖాళీ సీటున్నది."

వెళ్లలేదు. సిద్ధాంతం సిద్ధాంతమే. దుకాణంలో కాలు పెట్టే జాగా లేదు, బాపు నన్ను రెండో కాంటా దగ్గర నిలబెట్టాడు. మనుషుల్ని తూచాను. అమ్మ వచ్చి ఖాళీ అయిన ప్రతిసారీ కాంటా వైపూ నా వైపూ చూసిపోతోంది. అమ్మ మౌనం కరపత్రం కంటే పొడుగు.

జనవరి 29, గురువారం

చేతులు బెల్లం జిగట. అలాగే రాస్తున్నాను.

చిలకలగుట్ట నుంచి సమ్మక్కను గద్దెకు తెచ్చే సాయంత్రం. కాంటా పక్కన ఫోన్ నిలబెట్టుకున్నాను. హారిక లైవ్ వచ్చింది. జనం, దుమ్ము, ఎర్రటి వెలుగు. మల్లక్క నెత్తిమీద బంగారం, చంకలో స్పీకర్ పెట్టె. భీవండి నుంచి యాకమ్మ కూతురు కింద రాసింది: 'అమ్మను లేపి కూసోబెట్టినం. సూస్తాంది.'

డప్పు మొదలైంది. పెట్టెలో నుంచి మా గోదాము రికార్డింగ్, దాని మీద వీళ్ల గొంతులు. ఎదురుకోళ్లు ఎగిరె తల్లీ. తూకం వదిలేసి ఫోన్ మీదికి వంగాను, ఒప్పుకుంటాను. రాని అక్క పాలు బంగారం నా నెత్తిమీద ఉన్నదె తల్లీ. ఇక పేరు రావాలి.

శబ్దం పోయింది. బొమ్మ పోయింది. బూడిదరంగు పెట్టె.

'హక్కుదారు ఈ ప్రసారాన్ని నిలిపివేశారు.'

"ఎవడ్రా వాడు!" అని అరిచాను. దిమ్మలు కొంటున్న ముసలాయన బెదిరి వెనక్కి జరిగాడు.

కింద చిన్న అక్షరాల్లో పేరుంది. చదివాను. మళ్లీ చదివాను.

నా పేరు. ఇంటిపేరుతో సహా.

వెబ్‌సైటు తెరిచాను. మూడో మీట తీసేసి మొదటిది నొక్కాను. 'మీ అభ్యర్థన అందింది, కొన్ని పనిదినాలలో పరిశీలిస్తాం.' పరిశీలిస్తారట! నేనూ మొన్న ఆ హెడ్మాస్టర్‌తో అదే మాట అన్నాను. హారికకు ఫోన్ చేశాను. మల్లక్కకు చేశాను. అంతమంది జనంలో ఏ ఫోనూ కలవలేదు.

భీవండి నుంచి కింద ఇంకో వాక్యం వచ్చింది: 'ఏమైంది? అమ్మ అడుగుతాంది.'

జనవరి 30, శుక్రవారం

దోషుల జాబితా:

బొంబాయి కంపెనీ. యంత్రం. యంత్రాన్ని తయారుచేసిన పెట్టుబడి. మూడు మీటలు ఒకే వరసలో పెట్టిన వాడు. పద్మలత మేడం. శ్యాంసుందర్ (ముఖ్యంగా). హారిక, లైవ్ ఆమెదే కదా. స్పీకర్ పెట్టె. దాన్ని ఇచ్చింది...

జాబితా ఇక్కడ ఆపుతున్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

మల్లక్క వచ్చింది. వెనక హారిక. బాపుకు దండం పెట్టి, నా వైపు తిరిగింది.

"సేటూ, నిన్నొకటి అడిగిపోదమని వచ్చిన."

సేటు! ఈ బజారులో అందరూ బాపును అంటారు. నన్ను ఎవరూ అనలేదు. ముఖ్యంగా మల్లక్క.

"పాట నీదటగద. ఇగ మిర్చి కాడ కూసొని పాడాల్నంటె నిన్ను అడిగి పాడాల్నా? కాయిదం రాసియ్యాల్నా?"

"మల్లక్కా, అది తాత్కాలికంగా..."

"మా అక్క ఫోన్ చేసింది. 'నా పేరు పాడలేదేందే మల్లీ' అన్నది. పాడినమే, నీకు ఇనరాలేదే అంటే నమ్ముతలేదు. 'నేనెట్లయిన పోయేదాన్నని పేరు ఇడిసిపెట్టిన్రు' అంటది. మిషిన్ మీద పండుకొని ఏడుస్తాంది. దానికి ఏం జెప్పాలె? సేటు బంద్ పెట్టిండని జెప్పనా?"

మూడు మీటల సంగతి చెప్పాను. మొత్తం వదిలేస్తానన్నాను, నా పేరు తీయించేస్తానన్నాను, ఇప్పుడే.

"తీసెయ్" అంది హారిక. "పొద్దుటికి శ్యాంసుందర్ తన పేరు పెట్టుకుంటడు. దరఖాస్తు రెడీగ పెట్టుకున్నడట."

ఎంత లోతుగా దిగబడ్డానో అప్పుడు తెలిసింది. ఉంచుకుంటే దొంగను. వదిలేస్తే దొంగకు దారిచ్చినవాణ్ని.

అంతవరకు తూకపు రాళ్లు సర్దుతున్న బాపు ఇటు తిరిగాడు. "అరేయ్, మూడు మీటలున్నయంటివి. మొదటిది ఏంది?"

"అందరూ వాడుకోవచ్చు అని."

"మరి అదెందుకు నొక్కలేదురా అప్పుడే?"

జవాబు నాకు తెలుసు. మూడో ప్రతిజ్ఞ. "కోపంలో" అన్నాను.

"ఎవని మీద?"

"శ్యాంసుందర్ మీద."

"ఆయనెక్కడ, ఈ ముసలమ్మ ఎక్కడరా!"

హారిక బ్యాగులో నుంచి కాగితాలు తీసింది. ఎప్పుడో తయారుచేసి పెట్టుకుంది. హక్కుదారులు: మల్లక్క, ఆమె జట్టు ఆడవాళ్లందరూ. ఎవరైనా పాడుకోవచ్చు, ఎవరూ ఆపకూడదు. కింద అందరి సంతకాలు కావాలి. మల్లక్కకు కాగితం మొత్తం చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. 'ఆపకూడదు' అన్నచోట వేలు పెట్టి, ఇక్కడేనా రాసింది, అని అడిగింది. తర్వాత సంతకం పెట్టింది. నేనే పెన్ను అందించాను.

రెండో ప్రతిజ్ఞ: హతం. (మొదటిది ఎప్పుడు పోయిందో గుర్తులేదు.)

"ఇంగొకటున్నది సేటూ" అంది మల్లక్క. "గద్దె కాడికి రాకుండనే తల్లి పాటకు ఓనర్‌వైనవ్. బుధవారం తిరుగువారం, జాతరైన మల్ల వారం జేసే పూజ. మేము మల్ల పోతున్నం. నువ్వు బంగారం తీస్కొని రా. నీ ఎత్తు."

లోపలి గది తలుపు దగ్గర గాజుల చప్పుడు. అమ్మ. పదేళ్లుగా ఎదురుచూసిన మనిషి. వచ్చి కాంటా పళ్లేన్ని కొంగుతో తుడిచింది.

ఎక్కాను. అవతల దిమ్మలు పేరుస్తుంటే బాపు గొణిగాడు: "అప్పుడే ఎక్కితే సగం బెల్లంతోని పోయేది. కొడుకు పుస్తకాలు తిని బలిసిండు."

ఫిబ్రవరి 2, సోమవారం

హన్మకొండలో శ్యాంసుందర్ ఎదురయ్యాడు. నాకంటే ముందు తనే పలకరించాడు.

"ఏం తమ్మీ! ఇన్నేండ్లసంది ఈ లైన్‌ల ఉన్న. పైసలు ఎగ్గొట్టిన, పేర్లు ఎగ్గొట్టిన, దాపెట్టుకునేదేమున్నది. గని పాడే ముసలమ్మ నోరు మాత్రం మూయలే. నువ్వు ఒక్క నెలల మూసినవ్. మా ఆఫీసుకు వస్తవా? ఉద్యోగమిస్త."

తిట్టడానికి నోరు తెరిచాను. ఏ మాట ఎత్తుకున్నా ముందు నాకే తగులుతోంది. మూసుకున్నాను.

ఇది కోపాన్ని జయించడం కిందికి వస్తుందా? రాదనుకుంటాను.

ఫిబ్రవరి 4, బుధవారం. తిరుగువారం

మేడారం. మొదటిసారి వచ్చాను. జాతర జనం వెళ్లిపోయారు, కొబ్బరి చిప్పలు, ఈగలు, పసుపు మిగిలాయి. గద్దెల దగ్గర బంగారం పెట్టాను. నమ్మకం గురించి రాయను. భుజం నొప్పి నిజం.

బొంబాయి నుంచి రాత్రే కబురొచ్చింది, పేర్లు మారాయని. అయినా నాకు ధైర్యం చాల్లేదు. హారిక లైవ్ పెట్టింది. అవతల మంచం మీద యాకమ్మ, దిండుకు ఆనుకుని, చేతికి పట్టీలతో. మల్లక్క పెట్టె నొక్కింది. డప్పు. నేను ఫోన్ తెర అంచునే చూస్తున్నాను, బూడిదరంగు ఎప్పుడు కమ్ముతుందోనని. రాని అక్క పాలు బంగారం... నా నెత్తిమీద ఉన్నదె...

"యాకమ్మ బంగారం తల్లీ!"

తెర అలాగే ఉంది. మల్లక్క పాట ఆపేసింది.

"ఇన్నవానే?"

"ఇన్న" అంది యాకమ్మ. మొహం అటు తిప్పుకుంది. "జర గట్టిగ పాడరాదె, సచ్చినోళ్లను లేపినట్టు పాడాలె గని" అంది.

అందరూ నవ్వారు. మళ్లీ పాడారు, గట్టిగా. ఎన్నిసార్లు పాడారో నేను లెక్కపెట్టలేదు.

తర్వాత చెట్ల కింద అన్నాలు తింటుంటే హారిక పక్కన కూర్చుంది. "గురువారం నాడు యాకమ్మ తర్వాత ఇంకో పేరున్నది, తెలుసా?"

"ఎవరిది?"

"నీదే. నువ్వు రాలేదు గద. 'శ్రీకాంత్ బంగారం తల్లీ' అని పాడింది మల్లక్క. నువ్వు బంద్ పెట్టినవ్ గాబట్టి నీకు ఇనరాలే."

ముద్ద నోటి దాకా పోలేదు. మల్లక్క వైపు చూశాను. "మరి ఇవ్వాళ పాడలేదేం మల్లక్కా?"

"ఇయ్యాల వచ్చినవ్ గద బిడ్డా. వచ్చినోని పేరు ఎవడు పాడుతడు?"

బిడ్డా.

ఫిబ్రవరి 5, గురువారం

రిపోర్టు ఇచ్చాను. జరిగింది జరిగినట్టు రాశాను, దోషుల జాబితాలో ఒక్క పేరే ఉంచాను. మేడం చదివి, కళ్లద్దాలు తీసి, "చప్పట్లు కొట్టించింది నేను, నా పేరు కూడా రాయాల్సింది" అన్నారు. మార్కులు ఇంకా వేయలేదు.

ఆ హెడ్మాస్టర్‌కు ఫోన్ చేశాను. సార్, దరఖాస్తు అవసరం లేదు, పిల్లల్ని ఆడించండి, అన్నాను. 'రిపబ్లిక్ డే అయిపోయింది కదా సార్' అన్నాడు. నిజమే.

కొత్త ప్రతిజ్ఞ. రెండో సెమిస్టర్, ఈరోజు నుంచే, ఈసారి గట్టిగా:

ఒకటి: ఏ మీట నొక్కేముందైనా ఎవరి మీద కోపంతో నొక్కుతున్నానో చూసుకుంటాను.

రెండు: కాగితం మీద సంతకం పెట్టించే ముందు గట్టిగా చదివి వినిపిస్తాను. రెండుసార్లు.

మూడు: పాటకు పట్టా లేదు. ఉండాల్సి వస్తే పాడేవాళ్ల పేరనే.

నాలుగు: కొత్త కరపత్రం. పేరు అప్పుడే తట్టింది: 'రానివాళ్ల బంగారం'. అద్భుతమైన పేరు! ఇంతవరకు ఎవరూ పెట్టి ఉండరు.

అచ్చయ్యేలోగా ఇంకెవరైనా వాడేస్తే? స్లైడు మీదో ఎక్కడో? పేరు వరకు నా పేరున ఒకసారి నమోదు చేయించి పెట్టుకుంటే... తాత్కాలికంగానే...

హారికను అడగాలి.

వద్దు. హారికను అస్సలు అడగకూడదు.